పెద్ద నగరంలో ప్రపంచ వంటలు: ఎక్కడ వెతకాలి, ఏం తెప్పించుకోవాలి, ఎలా తినాలి

పెద్ద నగరంలో ఫోన్ తీసి "దగ్గర్లో చైనీస్ ఫుడ్" అని వెతికితే పేర్లు వరసగా వచ్చి పడతాయి. స్టార్లు చూస్తాం, ఫొటోలు చూస్తాం, తెలిసిన నూడుల్స్, తెలిసిన ఫ్రైడ్ రైస్ తిని వచ్చేస్తాం. అలా ఏళ్ల తరబడి తిన్నా చైనా వంట రుచి చూసినట్టు కాదు. ఎందుకంటే చైనా వంట అనేది ఒక్కటి కాదు. ఇటలీ వంట, మెక్సికో వంట కూడా అంతే. బోర్డు మీద దేశం పేరు ఉంటుంది గానీ, పళ్లెంలో రుచి ఏదో ఒక ఊరిది, ఒక ప్రాంతానిది. అందుకే ఈ మార్గదర్శిలో అడుగడుగునా చెప్పేది ఇదే: దేశాన్ని కాకుండా ప్రాంతాన్ని వెతకండి. మెనూ అంతా తిరగేయడం మానేసి, ఆ ప్రాంతం మనుషులు ఆ హోటల్‌కి దేనికోసం వస్తున్నారో దాన్ని తినండి.

దీనికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. వలస వచ్చినవాళ్ళు తమవాళ్ళ కోసం నడుపుకునే హోటళ్లు చాలా నగరాల్లో చవకగానే ఉంటాయి. కావాల్సిందల్లా కాస్త ఓపిక, కొంచెం ప్రయాణం, అడగడానికి మొహమాటం లేకపోవడం.

అడుగు 1: రెస్టారెంట్ కంటే ముందు పేటను వెతకండి

ఒక దేశం నుంచి వచ్చినవాళ్ళు సాధారణంగా నగరమంతా చెదిరిపోయి ఉండరు. మొదట వచ్చినవాళ్ళు అద్దె తక్కువున్న చోట దిగుతారు, తర్వాత వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కనే ఇల్లు చూసుకుంటారు. జనం చేరాక సరుకుల కొట్టు వస్తుంది, దాని వెనకే హోటల్ వస్తుంది. ఇది ఈనాటి సంగతి కాదు. మనీలాలోని బినోండో అనే చైనా పేట 1594లోనే ఏర్పడింది.

లండన్‌లో కొరియా తిండి కావాలంటే నగరం నడిబొడ్డున వెతకడం కంటే నైరుతి శివారులోని న్యూ మాల్డెన్‌కి రైలెక్కడం మేలు. టర్కీ కబాబులకు ఉత్తరాన గ్రీన్ లేన్స్, నైజీరియా వంటకు పెక్కమ్. న్యూయార్క్‌లో క్వీన్స్ మీదుగా వెళ్ళే 7వ నంబర్ రైలుకు "ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్" అనే ముద్దుపేరే ఉంది. జాక్సన్ హైట్స్ దగ్గర దిగితే టిబెట్, నేపాల్ మోమోలు, కొలంబియా రొట్టెలు. చివరి స్టేషన్ ఫ్లషింగ్‌లో దిగితే చైనాలోని నాలుగు మూలల వంటా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఆ పని శాన్ గాబ్రియెల్ వ్యాలీ చేస్తుంది. టోక్యోలో కొరియా పేట షిన్-ఓకుబో, సావో పాలోలో జపాన్ పేట లిబర్దాదె.

శివారు పేటల్లో తిండి ఎందుకు బాగుంటుందో తెలిస్తే ఏ కొత్త నగరంలోనైనా దారి దొరుకుతుంది. మొదటిది, బల్ల ముందు కూర్చున్నవాళ్ళకు అసలు రుచి తెలుసు. వాళ్ళ దగ్గర కారం తగ్గించి, చక్కెర కలిపి నెట్టుకురావడం కుదరదు. రెండోది, అదే వీధిలో అదే వంటకం చేసేవాళ్ళు ఇంకో నలుగురు ఉంటారు, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్ళే నిలబడతారు. మూడోది సరుకు. పక్కనే కొట్లో తాజా ఆకులు, సరైన పిండి, సరైన మిరపకాయ దొరుకుతుంటే వంటవాడు ఇంకేదో వేసి సర్దుకోవాల్సిన పని ఉండదు.

కాబట్టి మ్యాప్‌లో హోటళ్ల కోసం కాకుండా ఇలా వెతకండి. ఫలానా దేశం సరుకుల కొట్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయి? సొంత దేశానికి డబ్బు పంపే దుకాణాలు, వాళ్ళ భాషలో ప్రార్థన జరిగే చర్చి, మసీదు లేదా గుడి, వాళ్ళ సెలూన్లు ఎక్కడున్నాయి? ఇవన్నీ ఒకే వీధిలో కనిపిస్తే అక్కడ తిండి ఉన్నట్టే. వంటకం పేరును ఆ భాష లిపిలోనే కాపీ చేసి వెతికితే, ఇంగ్లీషులో వెతికినప్పుడు రాని పేర్లు పైకి వస్తాయి. ఇంత చిన్న చిట్కాకి ఇంత ఫలితం ఇంకెక్కడా రాదు.

అడుగు 2: బోర్డు మీద ఊరి పేరు, మెనూలో వరసలు

పేట దొరికింది, వీధిలో నిలబడ్డారు. ఇప్పుడు బోర్డులు చదవండి. ఊరి పేరో, రాష్ట్రం పేరో, లేదా ఒకే ఒక వంటకం పేరో ఉన్న హోటల్‌కి మొదటి మార్కు. జపాన్ సుషీ, థాయ్ నూడుల్స్ ప్యాడ్ థాయ్, వియత్నాం సూపు ఫో మూడూ ఒకే మెనూలో ఉన్న "ఆసియన్ కిచెన్"కి నేనైతే వెళ్ళను. మూడు దేశాల్లో మూడు జీవితాలు పెట్టి నేర్చుకునే పని అది. జపాన్‌లో రామెన్ నూడుల్స్ కొట్టు రామెన్ మీదే బతుకుతుంది, సోబా నూడుల్స్ కొట్టు సోబా మీదే. వేరే నగరంలో కూడా ఆ పద్ధతి పాటించేవాళ్ళ దగ్గర తింటే తేడా తెలుస్తుంది.

చైనా వంటల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి పెద్ద నగరంలోనూ అవి ఉంటాయి, దాదాపు అందరూ వాటిని ఒకే గాటన కట్టేస్తారు.

సిచువాన్ హోటల్‌కి వెళ్తే కారంతో పాటు తిమ్మిరి ఉండాలి. ఆ తిమ్మిరి సిచువాన్ మిరియం వల్ల వస్తుంది. పేరుకే మిరియం, నిజానికి అది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన చెట్టు కాయ పొట్టు. అందులోని సాన్షూల్ అనే పదార్థం పెదవుల మీద సన్నటి వణుకు పుట్టిస్తుంది. నిమ్మజాతి చెట్ల తెగులు వస్తుందన్న భయంతో అమెరికా 1968లో దీని దిగుమతిని నిషేధించింది, 2005లో గానీ ఎత్తెయ్యలేదు. ఆ కాలంలో అక్కడ చాలామంది సిచువాన్ వంటంటే ఉత్త కారమే అనుకున్నారంటే అనుకోరూ మరి! మాపో తోఫు (కారం సాసులో ఉడికిన సోయా పనీర్) తెప్పించుకుని రెండు చెంచాలు తినండి. నాలుక మీద తిమ్మిరి రాలేదంటే అది పేరుకే సిచువాన్ హోటల్.

అక్కడికి ఆగ్నేయాన ఉన్న హూనాన్ ప్రాంతం వంటలో తిమ్మిరి ఉండదు. పచ్చిమిరప, ఊరబెట్టిన మిరప, పులుపు, పొగబెట్టిన మాంసం ఉంటాయి. కారం సూటిగా తగులుతుంది. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ వైపు వంట దీనికి పూర్తిగా విరుద్ధం. ఆవిరి మీద ఉడికించిన చేప, కాల్చిన బాతు, టీతో పాటు తినే చిన్న చిన్న వంటకాలైన డిమ్ సమ్. అక్కడ మసాలా తక్కువ, సరుకు తాజాదనమే రుచి. వాయవ్యాన లాన్‌జౌ ఊరి బీఫ్ నూడుల్స్ కొట్లు చాలావరకు ముస్లింలు నడిపేవి, హలాల్. పిండి ముద్దను చేతుల మధ్య సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి నూడుల్ చేస్తారు. మందం ఎంత కావాలో మీరే చెప్పొచ్చు. తేటగా ఉండే సూపు, తెల్లని ముల్లంగి ముక్కలు, ఎర్రటి మిరప నూనె, పచ్చటి కొత్తిమీర, పసుపు రంగు నూడుల్స్ అనే ఐదూ గిన్నెలో విడివిడిగా కనిపించాలన్నది వాళ్ళ లెక్క. ఇంకా పడమటికి షిన్‌జియాంగ్‌కి వెళ్తే ఉయిగుర్ల గొర్రెమాంసం, జీలకర్ర, తందూరు రొట్టె. అది చైనా కంటే మధ్య ఆసియాకి దగ్గరి రుచి.

మిగతా దేశాలకూ ఇదే సూత్రం. థాయ్ బోర్డు మీద "ఇసాన్" అని ఉంటే ఈశాన్య థాయ్‌లాండ్. కొబ్బరిపాల కూరలకు బదులు దంచిన పచ్చిబొప్పాయి సోమ్ తమ్, సన్నగా తరిగిన మాంసంతో చేసే లాబ్, చేత్తో తినే జిగురన్నం. ఉత్తరాది అయితే ఖావో సోయి నూడుల్స్ అడగండి. ఇటలీలో కార్బొనారా రోమ్‌ది, అందులో గుడ్డు, పెకొరీనో జున్ను, పంది దవడ మాంసం, మిరియాలు ఉంటాయి, క్రీమ్ ఉండదు. పెస్తో జెనోవాది, పిజ్జా నేపుల్స్‌ది, రాగూ బొలోన్యాది. నాలుగూ ఒకే హోటల్లో గొప్పగా ఉండటం అరుదు. మెక్సికోలో ఓహాకా మోలె సాసులకు, యుకతాన్ నారింజ పులుపులో నాని అరటాకులో ఉడికిన పంది మాంసానికి, హలిస్కో బిర్రియా అనే మసాలా మాంసం కూరకి పేరు.

చిన్న మెనూ మంచిదన్నది మామూలు సూత్రం, చాలాసార్లు నిజం కూడా. కానీ చైనా హోటళ్లలో ఇది పని చేయదు. మంచి హోటల్లో కూడా వంద వంటకాలుంటాయి. హాంకాంగ్ టీ హోటళ్లలో మెనూ చూస్తే తల తిరుగుతుంది. అక్కడ గోడకు అంటించిన చేతిరాత కాగితాలు చూడండి. ఆ రోజుకి ప్రత్యేకం అవే. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే చాలు. కొన్నిచోట్ల సొంత భాషలో వేరే మెనూ ఉంటుంది. "ఇంకో మెనూ ఉందా?" అని అడగడంలో తప్పేం లేదు.

అడుగు 3: రేటింగులు ఎలా చదవాలి

స్టార్ల సంఖ్య వదిలేసి, స్టార్లు ఎందుకు తగ్గాయో చదవండి. "వెయిటర్ నవ్వలేదు", "అలంకరణ బాలేదు", "కుర్చీలు ప్లాస్టిక్‌వి" అన్న ఫిర్యాదులతో స్టార్లు తగ్గితే కంగారు పడక్కర్లేదు. "నూనె వాసన వేస్తోంది", "చల్లారిపోయిన తిండి పెట్టారు", "మొన్న ఉన్న రుచి లేదు" అంటే ఆగండి. ఫొటోలు కూడా చూడండి. జనం పెట్టిన వాటిలో ఒకే వంటకం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే ఆ హోటల్ ప్రత్యేకం అదే.

మిషెలిన్ గైడు గురించి కూడా ఒక మాట. అది టైర్ల కంపెనీ 1900లో కారు నడిపేవాళ్ళ కోసం మొదలుపెట్టిన పుస్తకం. స్టార్లు 1926లో వచ్చాయి. మన పనికి స్టార్ల కంటే 1997లో మొదలైన బిబ్ గుర్మాండ్ జాబితా ఉపయోగం, అది అందుబాటు ధరలో మంచి తిండి పెట్టేచోట్లకి ఇస్తారు. 2016లో సింగపూర్‌లో రెండు హాకర్ స్టాళ్లకే (చవక తిండి అమ్మే చిన్న కొట్లకే) స్టార్ వచ్చిందంటే గైడు చూపు కూడా మారుతున్నట్టే. అయినా ఇరుకు సందుల్లోని చాలా మంచి కొట్లు ఏ గైడుకీ ఎక్కవు.

శుభ్రత మీద టెన్షన్ ఉంటే రివ్యూలు కాదు, అధికారుల గుర్తు చూడండి. న్యూయార్క్‌లో 2010 నుంచి ఎ, బి, సి అక్షరాలు కిటికీలో అంటిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 0 నుంచి 5 వరకు అంకె ఇస్తారు.

అడుగు 4: వేళ చూసుకుని వెళ్ళండి

మంచి హోటల్‌కి తప్పు వేళలో వెళ్ళి నిరాశపడేవాళ్ళు చాలామంది. డిమ్ సమ్ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తినే తిండి. రాత్రి ఏడింటికి దొరికితే అది చాలావరకు వేడిచేసి పెట్టిందే. వియత్నాం ఫో పొద్దున్నే తాగే సూపు, పాత పద్ధతి కొట్లలో మధ్యాహ్నానికే సూపు అయిపోతుంది. మెక్సికో బార్బకోవా మాంసం రాత్రంతా ఉడికి శని, ఆదివారాల ఉదయం బల్ల మీదికి వస్తుంది. మొరాకో ఇళ్లలో కుస్కుస్ అనే గోధుమరవ్వ వంట శుక్రవారం వండుతారు, చాలా హోటళ్లూ ఆ రోజునే బాగా చేస్తాయి. రోమ్‌లో న్యోకీ అనే ఆలూ పిండి ఉండలు గురువారం వంట. స్పెయిన్ వాళ్ళ హోటల్‌కి సాయంత్రం ఆరింటికి వెళ్తే ఖాళీ కుర్చీలే ఉంటాయి, తొమ్మిది దాటాక సందడి. యూదుల మత నియమాల ప్రకారం వండే కోషర్ హోటళ్లు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా మూసి ఉంటాయి. రంజాన్ నెలలో అరబ్, టర్కీ, సోమాలీ పేటల్లో ఇఫ్తార్ వేళకు వెళ్తే మామూలు రోజుల్లో లేని వంటలు దొరుకుతాయి. కాకపోతే ఉపవాసం ఉన్నవాళ్ళు ముందు తినాలి కాబట్టి ఒక గంట ఆగి వెళ్ళడం మర్యాద.

అడుగు 5: ఏం అడగాలి, ఎంత తెప్పించుకోవాలి

"ఇక్కడ ఏది బాగుంటుంది?" అని అడిగితే అన్నీ బాగుంటాయండీ అంటారు, లేదా కొత్తవాళ్ళకు నచ్చే చికెన్ ఏదో చూపిస్తారు. ఆ ప్రశ్నకు బదులు "మీ ఊరివాళ్ళు వస్తే ఏం తింటారు?" అని అడగండి. ఈ ప్రశ్నకు వెయిటర్ ముఖం మారుతుంది. కొంతమంది "అది మీకు నచ్చదేమో" అంటారు. నచ్చకపోతే మీదే బాధ్యత అని చెప్పి తెప్పించుకోండి, కానీ నచ్చలేదని వెనక్కి పంపకండి. పక్క బల్ల మీదున్నది బాగా కనిపిస్తే, వేలు చూపించకుండా వెయిటర్‌ని పిలిచి మెల్లగా అడగండి.

కలిసి తినే వంటల్లో ఆర్డర్ ఇవ్వడం ఒక విద్య. నలుగురు సిచువాన్ హోటల్‌కి వెళ్ళి నాలుగూ ఎర్రటి నూనెలో తేలే వంటలు తెప్పించుకుంటే మూడోది వచ్చేసరికి నాలుక పనిచేయదు. ఒకటి చల్లటిది, ఒకటి తిమ్మిరి కారంది, ఒకటి కారం లేకుండా వెల్లుల్లితో వేపిన ఆకుకూర, ఒకటి తేట సూపు, పక్కన అన్నం. అప్పుడు ఒక్కో ముద్దా విడిగా తెలుస్తుంది. థాయ్ భోజనంలో కూడా పులుపు, తీపి, ఉప్పు, కారం ఒకే వంటకంలో వెతక్కుండా బల్ల మొత్తం మీద పంచుకోవాలి. కొరియా హోటల్లో ముందుగానే వచ్చే చిన్న గిన్నెల కూరలు, కిమ్చీలకు (ఊరబెట్టిన క్యాబేజీ లాంటివాటికి) సాధారణంగా విడిగా డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్ళీ అడగొచ్చు. వాటిని చూసి తక్కువ తెప్పించుకోండి. కొరియా బార్బెక్యూ, బల్ల మీదే సూపులో ఉడికించుకుని తినే హాట్ పాట్ లాంటివి చాలాచోట్ల కనీసం ఇద్దరికి గానీ ఇవ్వరు, కాబట్టి ఒంటరిగా వెళ్ళేటప్పుడు ముందే కనుక్కోండి. ఒంటరిగా తినేవాళ్ళకి రామెన్, ఫో, లాన్‌జౌ నూడుల్స్, టాకోలు హాయి.

ఇటలీ మెనూలో పాస్తా మొదటి విడత, మాంసమో చేపో రెండోది, కూరగాయలు విడిగా. అన్నీ తెప్పించుకోవాలని రూలేం లేదు.

అడుగు 6: శాకాహారం, అలర్జీ, హలాల్

"ఇందులో మాంసం ఉందా?" అని అడిగితే లేదనే జవాబు నిజాయతీగానే వస్తుంది, అయినా పళ్లెంలో చేప ఉండొచ్చు. చాలా వంటల్లో మాంసం ముక్క కాదు, రసమూ ముద్దా సమస్య. జపాన్ వంటకు పునాది అయిన దాషీ అనే పులుసునీరు చాలావరకు ఎండబెట్టిన బొనిటో చేపతో చేస్తారు. మిసో సూపులో తోఫు మాత్రమే కనిపిస్తుంది, కింద చేప ఉంటుంది. థాయ్ కూర ముద్దల్లో రొయ్యల ముద్ద, వియత్నాం వంటల్లో చేప సాస్, కిమ్చీలో చాలావరకు ఉప్పు రొయ్యలో చేప సాసో. మెక్సికో బీన్స్‌ని సంప్రదాయంగా పంది కొవ్వులో వేపుతారు. అసలైన పార్మెజానో జున్నుని దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో పేరుస్తారు. కాబట్టి అడగాల్సింది ఇలా: "చేప సాస్, రొయ్యల ముద్ద, ఎముకల సూపు, పంది కొవ్వు వేస్తారా?" ఈ మాటల్ని వాళ్ళ భాషలో రాసిన చిన్న కార్డు ఫోన్‌లో ఉంచుకుంటే వంటగది దాకా వెళ్తుంది.

శాకాహారులు ప్రతిచోటా బతిమాలుకోనక్కర్లేదు. శాకాహారం ఆ వంటలోనే ఉన్నచోటికి వెళ్ళాలి. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కి ముందు 55 రోజుల పాటూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకే వాళ్ళ మెనూలో "ఉపవాస" వంటలు ఎప్పుడూ ఉంటాయి. బేయాయ్‌నేతు అని అడిగితే పప్పులు, శనగపిండి షిరో, క్యాబేజీ, ఆకుకూరలు అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. చైనా, తైవాన్, వియత్నాం బౌద్ధ శాకాహార హోటళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. లెబనాన్ మెజ్జే (చిన్న చిన్న పళ్లాల్లో వచ్చే రకరకాల వంటలు), జార్జియా అక్రోటు ముద్దతో చుట్టిన వంకాయ, లోబియో చిక్కుడు కూర కడుపు నిండా తినొచ్చు.

అలర్జీ ఉన్నవాళ్ళు చట్టాన్ని వాడుకోండి. బ్రిటన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో 14 అలర్జీ పదార్థాల గురించి హోటళ్లు చెప్పి తీరాలి. అమెరికాలో ప్యాకెట్ తిండి లేబుళ్ల మీద 9 ముఖ్య అలర్జీల్లో నువ్వులు 2023 నుంచి చేరాయి. వేరుశనగ పడనివాళ్ళు పశ్చిమ ఆఫ్రికా, థాయ్, ఇండోనేసియా వంటగదుల్లో మరీ జాగ్రత్త. ఒకే బాణలి, ఒకే నూనె తిరుగుతుంటాయి. ప్రాణం మీదికి వచ్చే అలర్జీ అయితే బిజీ వేళలో కాకుండా ముందే ఫోన్ చేసి మాట్లాడండి. హలాల్ విషయంలో బోర్డు మీద చంద్రవంక బొమ్మ చాలదు, ధ్రువపత్రం ఎవరిచ్చారో అడిగితే చూపిస్తారు.

అడుగు 7: బల్ల దగ్గర

ఇథియోపియా భోజనంతో మొదలుపెడదాం, ఎందుకంటే మొదటిసారి వెళ్ళినవాళ్ళు చెంచా కోసం వెతికేది అక్కడే. పెద్ద గుండ్రటి పళ్లెం నిండా ఇంజెరా పరిచి వస్తుంది. టెఫ్ అనే సన్నటి గింజ పిండిని రోజుల తరబడి పులియబెట్టి, ఒక వైపే కాల్చిన మెత్తటి రొట్టె అది, పైభాగమంతా చిన్న చిన్న చిల్లులు. దాని మీద కుప్పలు కుప్పలుగా కూరలు. పక్కన చుట్టలుగా మడిచిన ఇంజెరా ఇస్తారు. దాన్నుంచి కుడి చేత్తో ఒక ముక్క చించి, దాంతో కూరని నొక్కి పట్టి ఎత్తాలి. వేళ్లకు కూర అంటకూడదు. మీ ఎదురుగా ఉన్న వైపు నుంచే తినాలి. అన్నీ అయ్యాక కింద పరిచిన ఇంజెరా మిగులుతుంది, చిల్లుల నిండా కూరల రసం పీల్చుకుని. అసలు రుచి అదే, వదిలిపెట్టకండి. ఎవరైనా ముద్ద చేసి మీ నోటికి అందిస్తే దాన్ని గుర్షా అంటారు, ఆప్యాయత. కాదనకూడదు. కాఫీ కూడా అడగండి. గింజలు అప్పటికప్పుడు వేయించి, అబొల్, తోనా, బరకా అని మూడు విడతలుగా ఇస్తారు. తొందరలో ఉంటే అడక్కండి.

జార్జియా ఖింకాలీలు కుచ్చు ముడి వేసిన సంచుల్లా ఉంటాయి, లోపల మాంసంతో పాటు వేడి రసం. ఫోర్కు గుచ్చారంటే రసం పళ్లెం పాలు. ముడి దగ్గర పట్టుకుని, పక్కన చిన్నగా కొరికి, ముందు రసం జుర్రుకోవాలి. గట్టి పిండిగా ఉండే ముడిని తినక్కర్లేదు, పళ్లెంలో వదిలేస్తారు. ఎన్ని తిన్నారో లెక్క వాటితోనే. షాంఘై వైపు షియావ్‌లాంగ్‌బావ్‌లోనూ రసమే ఉంటుంది. కాకపోతే దాన్ని చెంచాలో పెట్టుకుని, చిల్లు పొడిచి రసం తాగి, తర్వాత అల్లం, నల్ల వెనిగర్‌తో తింటారు. తొందరపడితే నాలుక కాలుతుంది.

మిగతావి క్లుప్తంగా. థాయ్ వాళ్ళు అన్నాన్ని చెంచాతో తింటారు, ఫోర్కు చెంచాలోకి తోయడానికే. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కి మాత్రమే. జపాన్‌లో చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి తిండి అందించకూడదు. రెండూ అంత్యక్రియల్లో చేసేవి. సుషీ చేత్తో తినొచ్చు, సోయా సాస్‌లో చేప వైపు ముంచాలి, అన్నం వైపు కాదు. హాంకాంగ్ డిమ్ సమ్ బల్ల మీద టీ కుండ మూత పక్కకి జరిపి పెడితే మళ్ళీ నీళ్లు పొయ్యమని అర్థం. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తట్టడమే థ్యాంక్స్. పశ్చిమ ఆఫ్రికాలో ఫుఫూ అనే ఉడికించి దంచిన దుంపల ముద్దని కుడి చేత్తో చిన్న ఉండ చేసి, సూపులో ముంచి, నమలకుండా మింగుతారు. కొరియాలో పెరిల్లా ఆకులో చుట్టిన మాంసం ఎంత పెద్దదైనా ఒకేసారి నోట్లోకి పోవాలి.

అడుగు 8: బిల్లు

టిప్పు లెక్క వంట ఏ దేశానిదన్నదాన్ని బట్టి కాదు, మీరు తింటున్న చోటుని బట్టి. అమెరికాలో 15 నుంచి 20 శాతం ఇవ్వకపోతే తప్పుగా చూస్తారు. జపాన్‌లో ఇస్తే వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిస్తారు. లండన్‌లో చాలా బిల్లుల్లో 12.5 శాతం సర్వీస్ చార్జి ముందే కలిపి ఉంటుంది. చూసుకోకుండా మళ్ళీ ఇవ్వకండి. ఇటలీలో తలకింత అని వేసే కోపెర్తో, జపాన్ ఇజకాయాలో (మద్యంతో పాటు చిరుతిళ్లు పెట్టే హోటల్లో) అడక్కుండానే వచ్చే చిన్న గిన్నె ఒతోషీ మోసాలు కావు, అక్కడి పద్ధతి. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు, కాస్త నగదు ఉంచుకోండి.

అడుగు 9: "అసలైనది" కోసం మరీ పట్టుబట్టకండి

ప్రాంతం వెతకమన్నాను కదా అని పిడివాదంలోకి వెళ్ళకండి. మెక్సికో టాకోస్ అల్ పాస్తోర్ లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళ షవర్మా నుంచి పుట్టింది. బాన్ మీ రొట్టె ఫ్రెంచి పాలనలో వియత్నాం చేరింది. పిండిలో ముంచి నూనెలో వేపే తెంపురా విద్య 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ద్వారా జపాన్‌కి వచ్చింది. సిచువాన్ మిరపకాయ, నేపుల్స్ టమాటా రెండూ అమెరికా ఖండాలవే. పెరూలో 19వ శతాబ్దం మధ్యలో పనికి వచ్చిన చైనా కూలీల వంట అక్కడి సరుకుతో కలిసి చీఫా అయింది. లోమో సల్తాదో అనే చీఫా మాంసం వేపుడులో సోయా సాస్, ఆలూ ఫ్రైస్ ఒకే బాణలిలో పడతాయి, రుచికి రుచీ ఉంటుంది. ఇలా తరాల తరబడి కలిసిన వంటని వెతుక్కుంటూ వెళ్ళండి. నేను వద్దన్నది, ఎవరికీ చెందకుండా అందరినీ మెప్పించాలని రాసిన మెనూని.

అడుగు 10: రెండోసారి

ఒక హోటల్ నచ్చితే వెంటనే ఇంకో దేశం మీదికి దూకకండి. అదే వంటకాన్ని అదే పేటలో ఇంకో హోటల్లో, ఆ పక్క వారమే తినండి. మొదటిసారి తిన్నది బాగుందా లేక కొత్తగా ఉందా అన్నది అప్పుడే తేలుతుంది. ఫోన్‌లో నోట్ పెట్టుకునేటప్పుడు హోటల్ పేరు ఒక్కటే కాకుండా ప్రాంతం, వంటకం, ఏ రోజు ఏ వేళకు వెళ్ళారు, వెయిటర్ "ఈసారి ఇది తినండి" అన్నది ఏమిటి అన్నవి రాసుకోండి. ఆ చివరిదే వచ్చేసారి ఆర్డర్. వంటవాడు మారితే పేరు మారకుండానే హోటల్ మారిపోతుంది, కాబట్టి రుచి తేడాగా అనిపిస్తే కౌంటర్లో అడగండి. పాత వంటవాడు రెండు స్టేషన్ల అవతల సొంత కొట్టు పెట్టుకున్నాడని వాళ్ళే చెప్పేస్తారు ఒక్కోసారి.